రంగు మారే మాటలు

పోచంపల్లిలో బస్సెక్కి పట్నం పోయి, అక్కడి కంప్యూటర్ సెంటర్లో పిల్లలకు పాఠాలు చెప్పి, పొద్దు గూకాక మళ్లీ బస్సెక్కడం హలీమాకు ఏళ్లుగా అలవాటైంది. సీటు దొరికేది తక్కువ. ఇల్లు చేరి పొయ్యి ముందు కూలబడితే లేవబుద్ధయ్యేది కాదు. అందుకే ఊళ్లోని నేతగాళ్ల సంఘం కంప్యూటర్ కొన్నదని విన్నప్పుడు ఆమె ప్రాణం లేచొచ్చింది. నెట్టులో పెట్టడానికి సంఘం చీరల గురించి పేజీలు చేసి పెట్టాలి. చీరలు కొనడానికి బొంబాయి నుంచి వచ్చే షేటుకు అవి నచ్చితే కంప్యూటర్ చూసుకునే కొలువు ఆమెదేనన్నాడు సంఘం అధ్యక్షుడు లింగస్వామి. సంఘం ఆఫీసు ఇంటి నుంచి నడిచిపోయే దూరం. ఆ మాట పట్టుకొని ఆమె సెలవు రోజులన్నీ ఆ గదిలోనే గడిపింది.

షేటు రావడానికి ముందురోజు లింగస్వామి చూడటానికొచ్చాడు. నూలుకు రంగులద్దే మనిషి. మొదటి పేజీలో సంఘం గురించి ఇంగ్లీషులో నాలుగు ముక్కలున్నాయి. వాటి మధ్య కొన్ని మాటలు నీలి రంగులో, అడుగున గీతతో కనిపిస్తున్నాయి.

"గీ నీలం మాటలు లింకులు కాకా. పట్టు చీరలు అన్న కాడ నొక్కితే చీరల పేజీ తెరుసుకుంటది, దుప్పట్ల కాడ నొక్కితే దుప్పట్లది" అంటూ హలీమా నొక్కి చూపించింది. చీరల బొమ్మలొచ్చాయి. లింగస్వామి మురిసిపోయాడు. వెనక్కి రాగానే ఆయన మొహం మారింది.

"గిదేంది బిడ్డా? నీలం ఊదా అయింది?"

"ఒకపాలి చూసినమని గుర్తు. చూడనియి నీలంగనే ఉంటయి."

"గుర్తు నీకు. షేటుకో? పోచంపల్లోల్ల రంగు ముట్టుకుంటెనే దిగుతాందని అంటడు. పక్కా రంగని పేరు నిలవెట్టుకోను మా నాయిన గిరాకీ ముందల్నే చీర ఉతికి చూపెట్టేటోడు."

"ఇది చీర కాదు గద కాకా."

"అమ్మేది చీరనే గదా! అన్ని నల్లగ వెట్టు. ఆ గీతలు గూడ తియ్యి, పంతులు తప్పులు దిద్దినట్టున్నయి."

వాదించి ఉండవలసింది. కానీ అప్పటికే నడుము లాగేస్తోంది. ఇంటి దగ్గర భర్త ఫక్రుద్దీన్ సైకిళ్ల దుకాణం మూసుకొచ్చి రొట్టెల కోసం చూస్తుంటాడు. "సరే కాకా" అంది. రంగులు, గీతలు తీసేసింది. లింకులు పోలేదు, నొక్కితే తెరుచుకుంటాయి. నొక్కాలని తెలిసే గుర్తు మాత్రం పైకి లేదు.

మరునాడు షేటు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఎక్కడ నొక్కాలో దగ్గరుండి చూపిద్దామని హలీమా ముందుకు వచ్చేలోగా లింగస్వామి అన్నాడు, "బిడ్డా, జర హోటల్ల చాయ్ వట్కరాపో."

అరుగు మీద అంతమంది మగవాళ్లున్నారు. ఆ గదిలో ఆడది తనొక్కతే, చాయ్ తనకే వచ్చింది. గ్లాసులతో తిరిగొచ్చేసరికి షేటు లేచి నిలబడ్డాడు.

"ఇంతేనా? ఒక్కటే పేజీయా?" అన్నాడు హిందీలో.

ఇంకా ఉన్నాయి, కూర్చోండి, చూపిస్తానని ఆమె తన ఉర్దూలో బతిమాలింది. ఇంకో ఊరికి పోవాలంటూ ఆయన సగం చాయ్ తాగి జీపెక్కాడు.

అరుగు మీదున్న సంఘం పెద్దలు రామచంద్రం, మైసయ్య, ఇంకొందరు లోపలికొచ్చారు.

"ఏమాయె లింగన్నా? షేటు కూసున్నట్టే లేచె?" అన్నాడు రామచంద్రం.

"ఏం జేస్తం. పొల్ల జేసింది సరిగ రాలే."

హలీమా గ్లాసులు బల్ల మీద పెట్టింది. కొలువు చేజారిపోతోందని తెలుస్తూనే ఉంది.

"నా పని మంచిగనే ఉన్నది. నిన్న నువ్వేమన్నవో చెప్పు కాకా."

"తర్వాత మాట్లాడుదాం తీ బిడ్డా."

"తర్వాత నేను బస్సుల ఉంట."

లింగస్వామి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"రంగు నేనే తీపిచ్చిన" అన్నాడు చివరికి. "దిగుతున్నట్టు కనవడ్డది."

సంగతంతా విన్నాక మైసయ్య పడీపడీ నవ్వాడు. "రంగులద్దేటోనివి రంగే తీపిస్తివా? ఏడ నొక్కాల్నో షేటుకేమన్న కలవడ్తదా అన్నా?"

"షేటు పోతె ఇంకొగడొస్తడు" అన్నాడు రామచంద్రం. "ఎట్లుండెనో అట్ల వెట్టి మాకు చూపియ్యి బిడ్డా. ఒకటో తారీకు నుంచి ఈడికే రా."

ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట. సంతోషం ఎక్కడో కాళ్ల నొప్పుల కింద ఉండిపోయి పైకి రాలేదు.

"వస్త. గని రంగులు నేను వెట్టినట్టే ఉండాలె. చాయ్ ఇంకెవలన్న తేవాలె."

లింగస్వామి తలూపాడు. అంతలోనే మనసొప్పక, "ఉండనియ్ గని, ఆ ఊదా జర చిక్కగ కొట్టరాదు? ఎలిసిపోయినట్టుంది" అన్నాడు.

నవ్వే ఓపిక లేదు హలీమాకు. కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి మాటకు నీలం పెట్టింది.