తల కప్పుకోమన్న ఊరు

కత్తెర పట్టి ముప్పై రెండేళ్లయింది. మనిషి తల వెనక భాగం చూస్తే చాలు, ఉద్యోగం చేస్తున్నాడో, వెతుక్కుంటున్నాడో చెప్పేస్తాను. అలాంటి నేను, జుట్టుకు కత్తెరే తగలనివ్వని సిక్కుల పుణ్యనగరానికి యాత్ర వెళ్తున్నానంటే సెలూన్లో అందరూ పగలబడి నవ్వారు.

"అక్కడ నీ మొహం ఎవరు చూస్తారు బావా?" అన్నాడు పక్క కుర్చీ దగ్గర పనిచేసే మా బావమరిది. నవ్వుకోనిచ్చాను. నా లెక్క నాకుంది.

ఆ లెక్క మా ఆవిడ గురించి. బళ్లో లెక్కలు చెబుతుంది. వీధంతా టీచరమ్మ అంటారు, నేనూ అంతే. కిందటేడు ఆవిడకు పెద్ద జబ్బు చేసింది. వైద్యం మొదలైన మూడు వారాలకే తల బోసిపోయింది. జబ్బు లొంగింది, ఇక భయం లేదని డాక్టరు కూడా తేల్చేశాడు. జుట్టు మాత్రం మళ్లీ అక్కడో కుచ్చు, ఇక్కడో కుచ్చుగా వచ్చి ఆగిపోయింది. అప్పటినుంచీ తలకు రుమాలు కట్టుకుని ఇంట్లోనే ఉంటోంది. యాత్ర నుంచి తిరిగొచ్చాక వచ్చే సోమవారంతో సెలవు అయిపోతుంది. బడికి వెళ్లడమో, ఉద్యోగం మానేయడమో తేల్చుకోవాలి.

"పిల్లలు బోర్డు చూడరండీ, నా తల చూస్తారు," అంది. మానేయడానికే మొగ్గుతోందని నాకు తెలిసిపోయింది.

నేనూరుకుంటానా? రెండు నెలలు కూర్చుని విగ్గు అల్లాను. సన్నటి వలగుడ్డ మీద ఒక్కొక్క వెంట్రుకా సూదితో ముడివేసి, పాపిట తీసి, నడినెత్తిన సుడి కూడా పెట్టాను. నాకు పని నేర్పిన గురువుగారు చూస్తే కళ్లకద్దుకునేవారు. ఆవిడ ఒకసారి పెట్టుకుని అద్దంలో చూసుకుంది.

"చాలా బాగుందండీ. ఎవరిదో తలలా ఉంది," అని తీసి పెట్టెలో పెట్టేసింది.

అలా నేను తల పట్టుకుని కూర్చున్న రోజుల్లోనే, గడ్డం గీయించుకుంటూ ఒకాయన ఈ ఊరి సంగతి చెప్పాడు. అక్కడి గురుద్వారాలో తల కప్పుకోకపోతే లోపలికి రానివ్వరట. ఆడా మగా, చిన్నా పెద్దా తేడా లేదట. నా బుర్ర చటుక్కున వెలిగింది. అందరి తలల మీదా గుడ్డ ఉన్న చోట మా ఆవిడ రుమాలును పట్టించుకునేదెవరు? నాలుగు రోజులు జనంలో తిరిగితే బెరుకు పోతుంది. మనసు కుదుటపడితే విగ్గూ పెట్టుకోవచ్చని పెట్టె అడుగున సర్దేశాను కూడా.

రెండు రోజులు నా పథకం బ్రహ్మాండంగా నడిచింది. మా గదికి ఎదురుగా తలపాగా గుడ్డల కొట్టు. అరల్లో వంకాయ రంగు దగ్గర నుంచి వెన్న రంగు దాకా తానులు. కొట్టు యజమాని పొడుగాటి గుడ్డను అద్దం లేకుండా, ఒక్క మడత తప్పకుండా చుట్టుకుంటుంటే పొద్దున్నే కిటికీలోంచి చూసి లోలోపల దండం పెట్టుకునేవాణ్ణి. గురుద్వారా గుమ్మం దగ్గర బుట్టలోంచి నేనూ ఒక గుడ్డ తీసి కట్టుకున్నాను. నాలుగడుగులకోసారి జారిపోయింది. ఇన్ని వేల తలలు దిద్దిన మనిషికి సొంత తలకు ముడి వేసుకోవడం రాలేదని ఆవిడ నవ్వి, తనే బిగించి కట్టింది. ఆవిడ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

మూడో రోజు పొద్దున గురుద్వారాలోని సరోవరం చుట్టూ పాలరాతి మీద నడుస్తున్నాం. ఉన్నట్టుండి గాలి విసిరింది. ఆవిడ రుమాలు ముడి ఊడి భుజం మీద పడింది. అంత ఎండలో, అంత జనంలో ఆ తల బయటపడింది. రెండు చేతులతో కప్పేద్దామని దూకాను.

నాకన్నా ముందు, చేతిలో బల్లెం ఉన్న కాపలా పెద్దాయన వచ్చేశాడు. కనుబొమలు ముడేసి, తన తలపాగా చూపించి, ఆయన భాషలో గట్టిగానే ఏదో అన్నాడు. మాట తెలియకపోయినా సంగతి తెలిసింది. తల కప్పుకోమంటున్నాడు. ఆవిడ కంగారుగా కట్టుకునేదాకా అక్కడే నిలబడ్డాడు. ముడి వదులుగా ఉందని వేలితో చూపించి మళ్లీ కట్టించాడు. తర్వాత మా వెనక ఫోటోలు దిగుతున్న లావుపాటాయన గుడ్డ జారితే, అదే కోపంతో ఆయన మీద పడ్డాడు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"కళ్లు కనబడవా ఆయనకి? ఉండు, వెళ్లి అడిగేస్తాను."

ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"నన్ను తిట్టాడండీ," అంది.

"అదేగా నేననేది."

"ఏడాదైంది, నన్నెవరైనా తిట్టి."

మంటపం నీడలో కూలబడ్డాం. ఆవిడ నా వైపు చూడకుండా నీళ్లకేసి చూస్తూ మాట్లాడింది.

"హెడ్మాస్టరు గారు నాతో గుసగుసలాడినట్టు మాట్లాడతారు. పాలవాడూ అంతే. మీరైతే మరీ. మొన్న కూరలో రెండుసార్లు ఉప్పేస్తే బాగుందని మొత్తం తినేశారు. ఉప్పు తక్కువైతే గంటసేపు ఉపన్యాసం ఇచ్చే మనిషి. ఏడాదిలో నాతో ఒక్కసారైనా పోట్లాడారా?"

"ఒంట్లో బాగాలేని మనిషితో పోట్లాటేంటని..."

"అది కాదు. నిజం చెప్పండి. నేను పోతాననుకున్నారు కదా?"

నా నోటికి ఖాళీ ఉండదని సెలూన్లో పేరు. ఆ నోటితోనే, "అనుకున్నాను," అన్నాను. "రోజూ అనుకున్నాను."

అని ఏడ్చేశాను. ఆస్పత్రి వరండాలో కూడా ఏడవనివాణ్ణి, అంతమంది యాత్రికుల మధ్య వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. అయ్యేదాకా ఆగింది.

"అయిందా? పోలేదుగా. సోమవారం బడికి వెళ్తున్నాను. ఈ తలతోనే. చూస్తే చూడనీ, రెండ్రోజులు చూసి లెక్కల్లో పడతారు. మీ విగ్గు మాత్రం పెట్టుకోను."

"రెండు నెలలు వేళ్లు కాయలు కాచేలా అల్లానే."

"ఎవరు అల్లమన్నారు?"

అంతే, ఎక్కడో చురుక్కుమంది. ఏడాదిగా మింగిందంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

"ఎవరో అంటేనే చేస్తారా? నీకు మంచి చేసినా తప్పే. వట్టి మొండిఘటానివి. నీ మాటే నీది, ఎదుటివాడి కష్టం ఎప్పుడైనా..."

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. పక్కవాళ్లు తిరిగి చూశారు. చప్పున నాలుక్కరుచుకున్నాను.

ఆవిడ కాళ్లు ముడుచుకుని, పూర్తిగా నా వైపు తిరిగి కూర్చుంది. కళ్లు మెరుస్తున్నాయి.

"ఆగారేం?" అంది. "కానివ్వండి."