రంగం ఓడలో వచ్చినవాడు

పోలీసు గుమ్మం ముందు నిలబడితే ఏ పాపం ఎరగనివాళ్ళు కూడా ఏం తప్పు చేశామా అని వెతుక్కుంటారు. చోడవరంలో చెరుకు కోతకి పోయి బతికే గున్నమ్మ వెతుక్కోదూ మరి? పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో ఓ సాయంత్రం కానిస్టేబులొచ్చి, "రంగం నుంచి ఓడొచ్చింది. అందులో ఒకడు నీ తమ్ముణ్ణని సెప్తన్నాడు. రేపు విశాపట్నం రేవుకి రా," అనేసి పోయాడు.

రంగం అంటే బర్మాలోని రంగూనే, మన వైపు అలాగే అంటారు. కరువు రోజుల్లో, అయిదేళ్ళు నిండని తమ్ముడు దాసుని, తిండైనా తింటాడని, కూలీలను తీసుకెళ్ళే ఓ మేస్త్రీ వెంట అక్కడికి పంపేశారు. ఏడాది తిరక్కుండా అక్కడ జపానువాళ్ళ బాంబులు పడ్డాయన్నారు. ఆ తర్వాత కబురూ లేదు, కాకరకాయా లేదు. ఏడ్చి ఏడ్చి తల్లి పోయింది. ఇన్నేళ్ళకి తమ్ముడన్న మాట ఖాకీవాడి నోట వింటే గున్నమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెల్లారగానే బస్సెక్కింది.

రేవులో ఇనుప కంచె. ఇవతల కొంత జనం, అవతల ఓడ దిగిన జనం, మధ్యలో బల్ల వేసుక్కూచున్న పోలీసు ఇనస్పెక్టరు. దేశంలో కాలు పెట్టాలంటే ఆ బల్ల దాటాలట. సొంతూరు రావడానికి ఒకరి సెలవేమిటో గున్నమ్మకి బోధపడలేదు.

"చూడమ్మా, ఇతని దగ్గర పాస్‌పోర్టు లేదు," అన్నాడు ఇనస్పెక్టరు. "ఊరు చోడవరం, అక్క గున్నమ్మ, అంతే చెబుతున్నాడు. నీ తమ్ముడేనని వేలిముద్ర వేస్తే వదులుతాం. లేదంటే వచ్చిన ఓడలోనే వెనక్కి."

ఎదురుగా లుంగీ కట్టుకున్న మనిషి. అప్పుడే నెరుస్తున్న తల. గున్నమ్మ ఎగాదిగా చూసింది. ముక్కు తండ్రిదే. కాదు, తండ్రిది ఇంత చప్పిడి ముక్కు కాదు. తోడబుట్టినవాణ్ణి చూస్తే గుండె చెప్పదూ అనుకుంటూ వచ్చిందా, ఆ గుండె దడదడమనడం తప్ప ఒక్క ముక్క చెప్పలేదు.

"గుర్తేదైనా ఉందా?"

"ఎందుకుండదు బాబూ. బొడ్డుకి ఎడంపక్క వాతలుంటాయి. పసిగుంటడప్పుడు కడుపుబ్బితే మా తాతమ్మ పసుపుకొమ్ము కాల్చి ఎట్టింది."

అతను చొక్కా ఎత్తాడు. వాతలున్నాయి. గున్నమ్మకి ప్రాణం లేచొచ్చింది. అంతలో వరసలో వెనకనున్న ముసలాయన, "నాకూ ఉన్నాయమ్మా," అని తన చొక్కా ఎత్తాడు. ఆ వెనకవాడూ ఎత్తాడు. ఓడలో సగంమంది మన వైపువాళ్ళే. పసుపుకొమ్ము తప్పించుకున్న పొట్ట మన పల్లెల్లో ఏదీ? పక్కనున్న కానిస్టేబులు కూడా మొహమాటంగా తన బెల్టు సర్దుకున్నాడు.

ఇనస్పెక్టరు తల పట్టుకున్నాడు. "ఇలాగైతే ఓడ మొత్తం నీ తమ్ముళ్ళే. ఒక్క మాట చెప్పు. ఔనా, కాదా?"

కాదంటే, దాసే అయితే, చేతులారా సముద్రంలోకి తోసేసినట్టు. ఔనంటే ఎవడో పరాయివాణ్ణి ఇంట్లో పెట్టుకున్నట్టు, పైగా పోలీసులతో అబద్ధం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతను మాత్రం బతిమాలనైనా బతిమాలలేదు, ఊరికే చూస్తున్నాడు. గున్నమ్మకి ఒళ్ళు మండింది. నోరు విప్పొచ్చు కదా, మొద్దు వెధవ! ఆ కోపంలోనే వేలు సిరాలో అద్ది కాగితం మీద నొక్కేసింది.

అతణ్ణి వెంటబెట్టుకుని ఎక్కిన బస్సు సబ్బవరం దాటాక ఇక గున్నమ్మ ఉండబట్టలేకపోయింది.

"ఇప్పుడు పోలీసోళ్ళు నేరు. నిజం సెప్పు. నువ్వు మా దాసువేనా?"

అతను కిటికీ వైపు నుంచి మొహం ఇటు తిప్పాడు. రంగం రేవులో మనవాళ్ళతో కూలి చేస్తూ నిలుపుకున్న తెలుగులో, మాటలు వెతుక్కుంటూ చెప్పాడు.

"తెలీదు. మేస్త్రీతో ఎల్లిన గుంటలం ఇద్దరం. ఒకడు గున్నక్కా, గున్నక్కా అని ఏడ్సీవోడు. రెండోవోడు ఊరుకోబెట్టీవోడు. బాంబు పడి మేస్త్రీ పోయేడు, మాలో ఒకడు పోయేడు. నాను మిగిలేను. బర్మావోళ్ళు పెంచి ఆళ్ళ పేరు పెట్టేరు. ఏడ్సినోడు నానో, ఆడో... అదే ఇప్పుడు తెలీటం నేదు."

గున్నమ్మకి ఆ రెండోవాడు జ్ఞాపకమొచ్చాడు. పరదేశి. తల్లీ తండ్రీ లేని గుంటడు, రోజూ వీళ్ళ అరుగు మీదే గంజి తాగేవాడు. బస్సు రెండుచోట్ల ఆగి మళ్ళీ కదిలింది.

"ఏడ్సినోడు ఎవుడైతే ఏటిరా," అంది చివరికి. "ఇయ్యాల నువ్వు పిలిసింది నన్నే గదా. లే, ఊరొచ్చేసింది."