పాత రికార్డరులో పితికిపప్పు

రెండువేల తొమ్మిదిలో పుంగనూరు బస్టాండు ఎదురుగా బోరు మోటార్లూ పైపులూ అమ్మే హనుమంతుకు ఒకటే పిచ్చి పట్టుకుంది. ఇంట్లో టీవీ కింద ఉన్న పాత డిష్ రికార్డరు బయటికి పోవాలి, కొత్త రకం రికార్డరు లోపలికి రావాలి. అందుకోసం ఆయన వెయ్యని వేషం లేదు.

పైకి చెప్పే కారణాలు బోలెడు. పాతది ఒక చానల్ రికార్డు చేస్తుంటే ఇంకోటి చూడనివ్వదు. భార్య యశోదమ్మ సీరియళ్లతో దాని కడుపు ఎప్పుడూ నిండే ఉంటుంది. ఆయన క్రికెట్‌కు అందులో జానెడు చోటు దొరకదు. కొత్తదైతే రెండు చానళ్లను ఒకేసారి మింగి మూడోది చూపిస్తుందట! కుప్పంలో ఉన్న అల్లుడు ఉమాశంకర్ అప్పుడే పెట్టించేశాడు కూడా. పెట్టించుకున్నవాడు ఊరుకుంటాడా, ఫోన్ చేసి మరీ ఊరిస్తాడు.

"మామా, ఈడ రెండు రికార్డు అవతాండాయి, మూడోది సూస్తాండా. మీరు ఇంగా ఆ ముసలి డబ్బాతోనే ఏగతాండారా?"

అసలు కారణం మాత్రం వేరే. అది ఎవరికీ తెలియదని హనుమంతు అనుకుంటాడు గానీ, ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

రెండేళ్ల కిందట చలికాలంలో ఒక చానల్ వాళ్లు వంటల కార్యక్రమం తీయడానికి మదనపల్లెకు వచ్చారు. కల్యాణ మండపంలో పొయ్యిలు పెట్టి చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లను పిలిచారు. యశోదమ్మ అనపగింజలు రాత్రంతా నానబెట్టి, తెల్లారి ఒక్కో గింజనూ వేళ్ల మధ్య పితికి తోలు తీసి, అక్కడ పితికిపప్పు కూర చేసింది. పక్కన వేడివేడి రాగిసంగటి. యాంకరమ్మాయి తిని, "ఆంటీ, సూపర్" అని గంతేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. కెమెరాల వెనక నిలబడ్డ హనుమంతును చెయ్యి పట్టి లాక్కొచ్చి, "అంకుల్, ఇప్పుడు మీరు చెప్పండి" అని మైకు మూతికి ఆనించింది.

ఏ మొగుడైనా ఏమంటాడు? రాష్ట్రమంతా చూస్తుంటే బాగుందంటాడు. బుద్ధున్నవాడెవడైనా అంతే అంటాడు. మన హనుమంతు మాత్రం ముద్ద నోట్లో పెట్టుకుని, చెడిపోయిన మోటారు చప్పుడు వింటున్నట్టు తల పక్కకు వంచి, "ఉప్పు రవ్వంత తక్కువైంది" అన్నాడు.

యాంకరమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. కెమెరా పట్టుకున్నవాడు నవ్వాడు, లైటు పట్టుకున్నవాడు నవ్వాడు. ఆ ముక్క కత్తిరించేస్తారులే అనుకున్నాడు హనుమంతు. కత్తిరిస్తారా! కార్యక్రమం రాకముందు వారమంతా అదే ముక్కను పదేపదే వేసి చూపించారు.

ఇక అక్కడినుంచి ఆయన బతుకు బజార్న పడింది. పైపుల కోసం సదుం నుంచి వచ్చిన రైతు బేరం మొదలుపెట్టే ముందు, "అన్నా, ఇంట్లో ఉప్పు సరిపోతాండాదా?" అంటాడు. టీ అంగడివాడు, "అన్నకు టీలో చక్కెరా, ఉప్పా?" అంటాడు. పెళ్లిళ్లలో ఆయన ఆకు ముందు కూర్చోవడమే ఆలస్యం, వడ్డించేవాళ్లు ఉప్పు గిన్నెలతో పరుగెత్తుకొస్తారు. పెద్దపంజాణిలో ఒక పెళ్లిలోనైతే సాక్షాత్తూ పెళ్లికొడుకే వచ్చి, "మామా, ఇంగొంచెం ఉప్పు తెప్పించేదా?" అని వినయంగా అడిగాడు.

ఇంట్లోనన్నా ప్రశాంతత ఉందా అంటే అదీ లేదు. యశోదమ్మ ఆ కార్యక్రమాన్ని రికార్డు చేసి పెట్టుకుంది. చుట్టాలొస్తే చూపిస్తుంది. గ్యాసుబండ తెచ్చినవాడికీ చూపిస్తుంది. "కూర్సో నాయనా, రెండే నిమిషాలు" అంటుంది. ఉప్పు మాట దగ్గరపడగానే హనుమంతు చెంబు పట్టుకుని దొడ్లోకి పోతాడు. లోపలినుంచి నవ్వులు వినిపిస్తాయి. అవి ఆగేదాకా ఆయన కరివేపాకు చెట్టుకు నీళ్లు పోస్తూనే ఉంటాడు. ఆ చెట్టు ఏపుగా పెరిగిందంటే పెరగదూ మరి!

ఆమె ఇంట్లో లేనప్పుడు ఒకసారి దాన్ని చెరిపేయబోయాడు. యశోదమ్మ దానికి ముందే నంబరు తాళం వేసి పెట్టింది. నంబరు కొట్టమంది రికార్డరు. కూతురు పుట్టిన సంవత్సరం కొట్టాడు, కాదంది. పోనీ పెళ్లి రోజు కొడదామంటే, అది ఆయనకు గుర్తుంటే కదా. ఆ దారీ మూసుకుపోయింది.

సరిగ్గా అప్పుడు వచ్చింది కంపెనీ ఆఫరు. పాత డబ్బా వాళ్లకిచ్చేస్తే కొత్తది తక్కువ ధరకు ఇస్తారు. ఒక్కటే చిక్కు, పాతదాంట్లో రికార్డయినవి కొత్తదాంట్లోకి రావు. ఆ చిక్కు వినగానే హనుమంతుకు నెత్తిన పాలు పోసినట్టయింది. మదనపల్లె డీలరుకు ఫోన్ కొట్టి కొత్తది పంపమని అప్పటికప్పుడు చెప్పేశాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. అంత ధైర్యం ఎక్కడిది?

సాయంత్రం మెల్లగా కదిపాడు. "యశోదా, కొత్త రికార్డరు తెచ్చుకుందామా? నీ సీరియళ్లు రెండూ ఒకేతూరి ఎక్కతాయి."

"పాతది యాడికి పోతాది?"

"కంపెనీవోళ్లు తీసుకుంటారు."

"దాంట్లో ఉండే నా వంట?"

హనుమంతు ఫ్యాను వైపు చూశాడు.

"అట్లనా సంగతి!" అంది యశోదమ్మ. "ఆ డబ్బా ఈ గడప దాటిందంటే, ఎనకాలే నేనూ దాటతా. సంగటి నువ్వే కెలుక్కో, ఉప్పూ నువ్వే ఏసుకో."

రెండు రోజులు ఇంట్లో గిన్నెలు తప్ప మనుషులు మాట్లాడలేదు. మూడో రోజు యశోదమ్మే అంది, "నువ్వూ వద్దు, నేనూ వద్దు. బోయకొండకు పోయి గంగమ్మనే అడుగుదాం. అమ్మ ఏం చెప్తే అదే."

ఆ వైపు వాళ్లకు అది మామూలే. పిల్లకు సంబంధం చూసినా, బోరు వేయించినా, కొండెక్కి అమ్మవారిని పువ్వు అడగందే అడుగు ముందుకు వెయ్యరు. పూజారి అమ్మ శిరసు మీద పూలు పెడతాడు. కోరిక మనసులో చెప్పుకోవాలి. పువ్వు కుడివైపు రాలితే సరేనన్నట్టు, ఎడమవైపు రాలితే వద్దన్నట్టు. డిష్ రికార్డరు సంగతి అంతకుముందు ఎవరైనా అడిగారో లేదో మాత్రం తెలియదు.

ఇద్దరూ అమ్మ ముందు చేతులు జోడించి నిలబడ్డారు. హనుమంతు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. యశోదమ్మ ఒక కన్ను తెరిచే ఉంచింది. పూజారి పూలు పెట్టాడు. కాసేపు ఏమీ కదల్లేదు. అంతలో ఎర్రటి పువ్వొకటి కదిలి, జారి, కుడివైపున పడింది.

హనుమంతు ఆనందం చెప్పతరం కాదు. చిందెయ్యబోయి, గుడి అని గుర్తొచ్చి ఆగాడు. పక్కన చూస్తే యశోదమ్మ ముఖం వెలిగిపోతోంది. పాపం, ఓడిపోయి కూడా ఎంత పెద్ద మనసుతో నవ్వుతోందో అనుకున్నాడు. కొండ దిగుతూనే గాజుల అంగడి దగ్గర ఆగి, ఆమె అడక్కుండానే డజను గాజులు కొనిచ్చాడు. ఆమె కూడా ఏం తక్కువ తినలేదు. "పాపం, నీకు మైసూరుపాకు ఇష్టం గదా" అని పొట్లం కట్టించింది. ఆయన ఆమె చేతిలో సంచీ అందుకున్నాడు. ఆమె ఆయన చొక్కా మీద కుంకుమ దులిపింది. కొత్తగా పెళ్లయినవాళ్లు కూడా అంత ముద్దుగా ఆటో ఎక్కరు.

ఆటోలో హనుమంతు ఓదార్పుగా అన్నాడు, "బాధపడొద్దు యశోదా. అమ్మ మాట గదా."

"నేను యాల బాధపడతా? నువ్వే బాధపడతాండావేమో అని నేను బాధపడతాండా."

"నేనా? నాకేం బాధ? కొత్తది తెచ్చుకోమని చెప్పె గదా అమ్మ!"

"కొత్తది యాడిది? పాతది ఇంట్లోనే ఉండల్ల తల్లీ అని నేను అడిగితే, కుడిపువ్వు ఇచ్చె!"

ఆటో నిండా జనం ఉన్నారు. అందరూ ఒక్కసారిగా ఇటు తిరిగారు. తరువాత మొదలైంది చూడండి గోల! డ్రైవరు హనుమంతు పక్షం. వెనక కోడిపుంజును ఒళ్లో పెట్టుకున్న మునెమ్మ అనే పెద్దావిడ యశోదమ్మ పక్షం. మొక్కు తీర్చుకుని వస్తున్నవాళ్లందరూ తలా ఒక తీర్పు చెప్పారు. చౌడేపల్లె దగ్గర దిగుతూ మునెమ్మ తేల్చేసింది, "అమ్మ ఇద్దరికీ సరే అనింది. ఆయమ్మకేమి, కొండ మీద ఉండాది. నడిమద్య ఏగేది మీరు." మళ్లీ వెళ్లి అడుగుదామా అంటే అడిగిందే అడిగితే అమ్మకు కోపమొస్తుంది. పుంగనూరు వచ్చేదాకా ఇద్దరూ చెరోవైపు చూస్తూ మైసూరుపాకు తిన్నారు.

మర్నాడు పొద్దున్నే డీలరు పంపిన వెంకటముని కొత్త డబ్బా, వైర్ల చుట్ట పట్టుకుని వాకిట్లో ప్రత్యక్షమయ్యాడు. ముందే ఆర్డరిచ్చిన సంగతి అలా బయటపడింది.

యశోదమ్మ అరుస్తుందనుకున్నాడు హనుమంతు. అరవలేదు. కుర్చీ వేసి వెంకటమునికి నీళ్లిచ్చింది. మొగుడి వైపు తిరిగి, "అంత ఇష్టంగా ఉంటే ఇచ్చెయ్. నేను అడ్డం రాను" అంది. "ఒకటే మాట. ఒక్కతూరి నా పక్కన కూర్సోని, మొదట్నుంచి కడా దంకా సూడు. మద్యలో లెయ్యగూడదు. దాని తరువాత ఆయప్ప పీక్కోని పోనీ."

ఇంత సులువుగా తెమిలిపోతుందా అని హనుమంతు గబుక్కున కూర్చున్నాడు. వెంకటముని కూడా స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని చూడ్డానికి సర్దుకున్నాడు.

ఉప్పు మాట వచ్చింది. వెంకటముని నవ్వు ఆపుకోలేక దగ్గాడు. హనుమంతు చేతులు చెంబు కోసం వెతుక్కున్నాయి. యశోదమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, "ఇప్పుడు సూడు. మమ్మల్ని కాదు, ఆ మూల సూడు" అంది.

తెర మధ్యలో యాంకరమ్మాయికి గింజ ఎలా పితకాలో చూపిస్తోంది యశోదమ్మ. ఎవరైనా వాళ్లనే చూస్తారు. ఎడమవైపు మూలలో, సగం కత్తిరించుకుపోయి, కంచం పట్టుకున్న మనిషొకడు ఉన్నాడు. వాడు కంచంలోది తినేశాడు. అటూ ఇటూ చూశాడు. దొంగలా పొయ్యి దగ్గరికి జరిగి గరిటెతో కూర పోసుకున్నాడు. అదీ తినేశాడు. మళ్లీ జరిగాడు. ఈసారి సంగటి కూడా పెట్టుకున్నాడు. చివరికి వేలితో కంచం అంచంతా తుడిచి నాకి, వంగి గిన్నెలోకి తొంగిచూశాడు.

"ఎవుడప్పా వాడు, కరువు నుంచి వచ్చినట్టుండాడు!" అన్నాడు హనుమంతు.

"నువ్వే" అంది యశోదమ్మ.

హనుమంతు తెర వైపు వంగి కళ్లు చికిలించాడు.

"ఉప్పు తక్కువైన మాట నిజమే. ఆ లైట్లన్నీ సూసి బయపడి మర్సిపోయినా. ఉప్పు సాలని కూరను మల్లా మల్లా పోసుకోని తినినావు నువ్వు. పెండ్లయినకాడ్నుంచీ వండి పెడతాండా, బాగుండాదని నోటితో ఒక్కనాడన్నా అన్నావా? అందురూ నీ మాట కోసరం సూస్తారు. నేను దీనికోసరం సూస్తా. నువ్వేమో ఇది రాకముందే చెంబెత్తుకోని పోతావు."

హనుమంతు టీవీని చూశాడు, భార్యను చూశాడు, మళ్లీ టీవీని చూశాడు. ముక్కు చీదుకున్నాడు. బోరులోంచి మొదటిసారి నీళ్లు వచ్చే ముందు పైపు చేసే చప్పుడు లాంటిదొకటి ఆయన గొంతులో మెదిలింది.

"బాగుండాది" అన్నాడు.

"ఏంది?"

"కూర. ఆ పొద్దూ బాగుండె. దినామూ బాగుంటాది. నిన్న చేసిన చారు కూడా... శానా బాగుండె." ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

యశోదమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. లేచి స్వయంగా ప్లగ్గు పీకి, పాత డబ్బాను పసిబిడ్డను ఇచ్చినట్టు వెంకటమునికి అందించింది. "తీసుకోని పోప్పా. నోటితోనే చెప్పేసినాడు గదా, ఇంగ నాకు డబ్బా యాల?"

వెంకటముని చెయ్యి చాపాడు. ఆ చెయ్యికీ డబ్బాకూ మధ్యలో హనుమంతు దూరాడు. లాక్కుని, రెండు చేతులా రొమ్ముకు హత్తుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఇయ్యను. నువ్వు కొత్తది ఎత్తుకోని మదనపల్లెకు పో."

"నువ్వే గదన్నా పిలిపించినావు!" అన్నాడు వెంకటముని.

"ఏమయ్యా, నీకేమన్నా పిచ్చా?" అంది యశోదమ్మ. "మల్లా యాల అది?"

హనుమంతు డబ్బాను ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు.

"ఈ పొద్దంటే ఎట్లో వచ్చేసింది మాట. రేపు నాకు నోరు రాకపోతే?" అన్నాడు. "నువ్వు ఇది పెట్టుకోని సూసుకోవల్ల గదా."