ఒక్క చెంచా నూనె

క్యాబేజీని నాలుగు చెక్కలు చేసి, మధ్యలో తెల్లటి మోడు తీసి పారేసి, జగన్నాధం సన్నగా తరుగుతున్నాడు. ఇరవై ఏళ్లుగా ఈ పని అతని భార్య యమునది. ఈవేళ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, కత్తి తను లాక్కున్నాడు. ఆమె మాత్రం గోడ గడియారం వైపే చూస్తోంది.

"మావా, పన్నెండున్నరయింది. మూడింటి పాసింజరు తప్పిపోతాది."

"తప్పిపోదే. నీకు వండి పెట్టీసి ఎల్దాం."

గరివిడిలో ఫ్యాక్టరీ గేటు ఎదుట అతనిది నూడిల్స్ బండి. మనిషి పొట్టి, బట్టతల, ఎప్పుడూ ఒకటే నీలం చొక్కా. గుంపులో తప్పిపోతే వెతకడం కష్టం. చెప్పుకోవలసిందేమన్నా ఉంటే ఎడమచెయ్యి. కుడిచేత్తో గరిటె తిప్పుతూ, ఎడమచేత్తో ఏడు కిలోల ఇనప మూకుడు ఎగరేసి ఎగరేసి ఆ చెయ్యి రెండోదానికంటే లావెక్కింది. చెయ్యి కాలకుండా పిడికి మామగారి పొందూరు పంచె చింపి చుట్టాడు. ఎవరన్నా ఉప్పు తక్కువైందన్నారో, అయిపోయారే. మహారాజైనా సరే వాదించి, గెలిచి, అప్పుడు ఉప్పు వేసేవాడు.

ఆ చెయ్యి ఎప్పుడూ నొప్పే. యమున కర్పూరం నూనె రాసేది, తగ్గేది. ఈ నెల్లో మాత్రం నొప్పి భుజం దాటి దవడ దాకా పాకుతోంది. నిన్న గేటు దగ్గర వైద్య శిబిరానికి వచ్చిన నర్సు ఉష, అతను చెయ్యి నొక్కుకోవడం చూసి, బీపీ కొలిచి చీటీ రాసిచ్చింది. వెంటనే విజయనగరం వెళ్లి గుండె పరీక్ష చేయించుకోమంది.

"మూకుడెత్తే సెయ్యమ్మా ఇది. నొప్పెట్టకేటి సేస్తాది?" అని జగన్నాధం నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. యమున నవ్వలేదు. తెల్లారకుండానే సంచిలో చీటీ, తువ్వాలు, మంచినీళ్ల సీసా సర్దిపెట్టింది.

నిజానికి అతనికి భయంగానే ఉంది. ఆసుపత్రి గడప తొక్కితే ఉంచేసుకుంటారని భయం. ఆ మాట నోటితో అనలేక వంట పెట్టుకున్నాడు. నిరుడు యమునకు షుగరు బయటపడింది. అంతకుముందు బండి మీద మిగిలితే తిందామనుకునేది, ఏనాడూ మిగల్లేదు. తర్వాత డాక్టరు వద్దన్నాడు. "ఇరవై ఏళ్లు తరిగాను, ఒక్కపాలి తిన్నానా?" అని ఎప్పుడో అన్నదాన్ని అతను మర్చిపోలేదు. రాగిపిండితో చేసే సోళ్ల నూడిల్స్ ప్యాకెట్టు పొద్దున్నే చీపురుపల్లి వెళ్లి తెచ్చాడు.

నీళ్లు మరిగాక నూడిల్స్ వేసి, కాస్త పలుకుండగానే వార్చి, చన్నీళ్లు పోశాడు. ఇంట్లో వాడే చిన్న అల్యూమినియం మూకుడు పొయ్యి మీద పెట్టి, చెంచాతో కొలిచి ఒక్క చెంచా నూనె పోశాడు. సీసా ఎత్తి ధారగా పోసే మనిషికి అది దేవుడికి దీపం పెడుతున్నట్టే అనిపించింది. వెల్లుల్లి, ఉల్లిపాయ, క్యారెట్టు, బీన్సు, చివర్న క్యాబేజీ. గింజంత ఉప్పు, మిరియాల పొడి.

"ఏటి మావా ఆ సెమట? మంట సిన్నదే కదా."

"పొయ్యి దగ్గరున్నోడికి సెమట పట్టదేటే?"

నూడిల్స్ వేసి, అలవాటు కొద్దీ ఎడమచేత్తో మూకుడు ఎగరేయబోయాడు. జానెడైనా లేవలేదు. చెయ్యి చచ్చుబడినట్టు దిగిపోయి, మూకుడు పొయ్యి మీద దబ్బున పడింది. యమున లేచి నిలబడింది.

"బండి మీద మూకుడంటే బరువు. దీన్ని సిన్నపిల్లైనా ఎత్తుతాది. దీనికేటి నొప్పి మావా?"

ఇరవై ఏళ్లుగా చెబుతున్న జవాబు కోసం నోరు తెరిచాడు. అది ఇక్కడ పనికిరాదని ఇద్దరికీ తెలిసింది. యమున ఫోన్ అందుకుంది.

"పాసింజరొద్దు, ఏటొద్దు. అసిరయ్య ఆటోకి ఫోన్ సేస్తన్నాను. తిన్నగా ఎలిపోదాం."

"సెయ్యి. ఈలోపు రెండు ముద్దలు తిను. తిని ఎలాగున్నాదో సెప్పు."

పళ్లెంలో పెట్టి ఆమె చేతికిచ్చి, పెరట్లోకి వెళ్లి, టార్పాలిన్ కప్పిన బండి చక్రానికి చేరగిలబడి కూర్చున్నాడు. యమున ఫోన్ చేసింది. వీధి చివరే ఉన్నానన్నాడు అసిరయ్య. అడిగాడు కదా అని, గుమ్మంలో నిలబడే ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. బీన్సు కరకరలాడింది. ఎంత బాగుందో, ఆమెకు ఏడుపొచ్చింది.

"బాగున్నాది మావా. ఉప్పే ఒక రవ్వ తక్కువైనాది."

ఉప్పు మాటకు వాదనకు దిగాల్సిన మనిషి తల ఎత్తలేదు.

ఆమె మళ్లీ అంది, ఈసారి గట్టిగా. "ఉప్పు తక్కువైనాదంటన్నాను, మావా."

అతను తల వాల్చి అలాగే కూర్చున్నాడు. పళ్లెం ఎక్కడ పడేసిందో యమునకు తెలియదు.

అసిరయ్య వచ్చి, చెయ్యి పట్టుకు చూసి, నాడి అందక, వెనక్కెళ్లి ఆటో ఇంజను ఆపేశాడు. కాసేపటికి వీధిలోవాళ్లంతా పెరట్లోకి వచ్చారు. అతన్ని పడుకోబెట్టడానికి చోటు కావాలని బండి పక్కకు జరుపుతుంటే టార్పాలిన్ తొలగింది. లోపల పెద్ద మూకుడు బోర్లించి ఉంది. దాని పిడికి చుట్టిన పొందూరు గుడ్డ మసిబారి నల్లగా ఉంది, నాలుగు వేళ్లు ఆనే చోట మాత్రం గుంటలు పడి తెల్లగా ఉంది.