ఏసీకి విశ్రాంతి

పెళ్ళయిన రెండో ఏడాది ఎండాకాలంలో ఆ ఇంట్లో ఏసీ మూడోసారి పడకేసింది.

ఇల్లంటే పెద్ద ఇల్లేం కాదు. అన్నిటికన్నా పై అంతస్తులో ఒక పడకగది, వంటకీ కూర్చోవడానికీ కలిపి ఇంకో గది. నెత్తిమీద డాబా పొద్దుటినుంచి కాలుతూనే ఉంటుంది. సముద్రం పక్క ఊరు కావడంతో ఎండకు తోడు చెమ్మ ఒకటి. ఆరేసిన బట్టలు మర్నాటికీ ఆరవు, డబ్బాలో ఉప్పు ముద్దకడుతుంది, బీరువా వెనక గోడ నల్లగా బూజు పడుతుంది. ఏసీ లేకపోతే ఇక నిద్ర మాట మరిచిపోవాల్సిందే.

ఆ ఏసీ కింద ఇద్దరు పడుకునేవారు, కానీ ఒకేసారి కాదు. ఆమె ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియన్, రాత్రి డ్యూటీ. భర్త ప్రింటింగ్ ప్రెస్సులో బైండింగ్ పని చూస్తాడు, పగటి డ్యూటీ. ఆమె ఇంటికి చేరేసరికి అతను బస్సెక్కి వెళ్ళిపోయి ఉంటాడు. అతను తిరిగొచ్చేసరికి ఆమె ల్యాబులో తెల్లకోటు తొడుక్కుంటూ ఉంటుంది. అతనికి ఆదివారం సెలవే గానీ, ఆ పగలంతా ఆమె ఒళ్ళెరగకుండా నిద్రపోతుంది. ఆమె వారం సెలవు సగం సార్లు ఎవరో ఒకరు రాలేదని ఎగిరిపోతుంది.

"ఏమ్మా, మీరిద్దరూ కాపురం చేస్తున్నారా, లాడ్జిలో దిగారా?" అని అత్తగారు ఫోన్లో నవ్వేది. ఆమె కూడా నవ్వేది. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు ముఖం మీద ఎక్కువసేపు నిలిచేది కాదు.

అయితే ఒకటుంది. పొద్దున్నే తాళం తీసి లోపలికి అడుగుపెడితే పడకగది చల్లగా ఉండేది. అతను వెళ్తూ వెళ్తూ ఏసీ ఆపకుండా, తలుపు మాత్రం దగ్గరగా వేసి వెళ్ళేవాడు. రాత్రంతా రక్తం సీసాల మధ్య నిలబడి కాళ్ళు పీకుతున్న మనిషికి ఆ చల్లదనం, ఎవరో గుమ్మందాకా ఎదురొచ్చి చేతిలో సంచి అందుకున్నట్టుండేది. సాయంత్రం బయలుదేరేటప్పుడు ఆమె కూడా అంతే చేసేది. జిగురూ కాగితాల దుమ్మూ ఒంటికి అంటించుకుని వచ్చే మనిషి వేడి గదిలోకి ఎందుకు రావాలి? ఈ సంగతి ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదు. అనుకోవడానికి ఎదురుపడితే కదా.

ఒక మధ్యాహ్నం మంచి నిద్రలో ఉండగా ఆమె చెంప మీద నీళ్ళ చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. లేచి చూస్తే ఏసీ అడుగునుంచి ధారగా కారుతోంది, దిండు సగం తడిసిపోయింది. మంచం పక్కకి లాగి, కింద బకెట్టు పెట్టి, మెకానిక్‌కి ఫోన్ చేసింది.

వచ్చినవాడు పాతవాడే. ఎక్కడెక్కడి ఏసీల దుమ్మో పీల్చీ పీల్చీ ఎప్పుడూ తుమ్ముతుంటాడు కాబట్టి ఆ వీధిలో అందరూ తుమ్ముల మెకానిక్ అనేవాళ్ళు. మూత ఊడదీసి, రెండు తుమ్ములు తుమ్మి, తల అడ్డంగా ఊపాడు.

"అమ్మా, దీన్ని ఎప్పుడు ఆపుతారు మీరు?"

"పగలు నేను పడుకుంటానుగా, అప్పుడు ఉంటుంది."

"రాత్రి?"

"రాత్రి ఆయన పడుకుంటారు."

"మరి ఆపేదెప్పుడు?"

ఆమె ఆలోచించింది. నిండిన బకెట్టును పక్కకి జరిపింది.

"ఇలా చూడండి, లోపలంతా ఐసుగడ్డ కట్టింది. బూజు చేతికి ముద్దలా వస్తోంది. గ్యాసు కూడా పోయింది. ఈ చెమ్మలో మామూలుగా వాడేవాళ్ళే రెండు మూడు నెలలకోసారి కడిగించుకోవాలి. మీరు దీన్ని ఊపిరి తీసుకోనివ్వడం లేదు. కంప్రెసర్ పోయిందంటే కొత్తది కొన్నంత పని, ముందే చెబుతున్నా." మళ్ళీ తుమ్మాడు. "ఇంట్లో మనిషి లేనప్పుడైనా ఆపండమ్మా. ఖాళీ గదికి చల్లదనం ఎందుకు?"

డబ్బిస్తుంటే ఆమెకు ప్రాణం ఉసూరుమంది. ఎండలు మొదలయ్యాక ఆ పెట్టె మింగిన డబ్బుతో ఇంటి అద్దె కట్టుకోవచ్చు. రాత్రి డ్యూటీకని ల్యాబు వాళ్ళు పైన ఇచ్చేదంతా దాని నోట్లోకే పోతోంది. మెకానిక్ అన్నదంతా భర్తకి ఫోన్లో రాసి పంపింది. సాయంత్రానికి జవాబొచ్చింది. "నిజమే. రేపటినుంచి వెళ్ళేటప్పుడు ఆపేస్తాను. నువ్వూ ఆపెయ్."

మర్నాడు పొద్దున ఆమె తలుపు తీసింది. వేడి, తడిసిన దుప్పటిలా ముఖాన పడింది. దుప్పటి సర్ది ఉంది, దిండు నిలబెట్టి ఉంది. గదిలో రాత్రి ఒక మనిషి పడుకుని లేచాడంటే నమ్మబుద్ధి కాలేదు. భుజాన సంచితో అలాగే నిలబడిపోయింది. తర్వాత ఏసీ వేసి మంచం అంచున కూర్చుంది. గది చల్లబడింది గానీ ఆమెకు చాలాసేపు నిద్ర రాలేదు.

అప్పటినుంచి ఏసీ బుద్ధిగా పనిచేసింది. ఒక్క చుక్క కారలేదు. ఆమెకు మాత్రం ఇంటికి వెళ్ళాలంటే కాళ్ళు సాగేవి కావు. డ్యూటీ అయిపోయినా సీసాలు సర్దుతూ, సర్దినవే మళ్ళీ సర్దుతూ ఉండేది.

"నీకు ఇల్లూ వాకిలీ లేవా? వ్యాన్ వెళ్ళిపోతుంది, పద" అని ల్యాబు ఇన్‌ఛార్జి కసిరింది.

"మేడమ్, నాకు డే షిఫ్ట్ ఏమైనా..."

"ఎన్నిసార్లు అడుగుతావు? ఖాళీ వస్తే నీకే ఇస్తా. పద, పద."

ఆస్పత్రి వ్యాను ఊరంతా చుట్టి ఒక్కొక్కరినీ దింపి చివర్లో ఆమెను దింపేది. ఆ పొద్దున మొదటి కూడలిలో ఎవరో దిగుతుంటే, ఎదురుగా తమ వీధివైపు వెళ్ళే సిటీ బస్సు కనిపించింది. టికెట్టు దండగని ఇన్నాళ్ళూ ఆ ఆలోచనే రాలేదు. ఏమనుకుందో ఏమో, తానూ దిగిపోయి పరుగున వెళ్ళి ఆ బస్సెక్కింది.

వ్యానుకన్నా ముందే తమ వీధికి చేరేసరికి భర్త ఇంకా బస్టాపులోనే ఉన్నాడు. ఒక చేతిలో క్యారియర్, ఒక చేతిలో జేబురుమాలు. ఆమెను చూడగానే ముఖం పాలిపోయింది.

"ఏమైంది? మళ్ళీ కారుతోందా?"

"నేనింకా ఇంటికే వెళ్ళలేదండీ."

"ఒంట్లో బాలేదా మరి?"

"బానే ఉన్నాను. ఊరికే వచ్చాను."

"ఊరికేనా!" అన్నాడు. అంతలో అతని బస్సు వచ్చింది. బస్సువైపు చూశాడు, ఆమెవైపు చూశాడు. బస్సు వెళ్ళిపోయింది.

పక్క బడ్డీలో రెండు టీలు చెప్పి బల్ల మీద కూర్చున్నారు.

"చల్లదనం బాగానే వస్తోందా?" అన్నాడు.

"వస్తోంది."

"చప్పుడేమైనా?"

"లేదు."

"ఫిల్టర్ ఆదివారం కడుగుతాలే."

"సరే."

అక్కడితో మాటలు అయిపోయాయి. ఇద్దరూ టీ ఊదుకుంటూ కూర్చున్నారు. ఇన్ని నెలలుగా ఆ ఏసీ తప్ప తమ మధ్య ఇంకేమీ నడవలేదని ఆమెకు అప్పుడు తట్టింది. తల తిప్పుకోబోతే అతని చొక్కా జేబులో కళ్ళజోడు కనిపించింది.

"ఇదెప్పుడు తీసుకున్నారు?"

"నెల దాటింది. చెప్పాను కదూ?"

"లేదు."

"చెప్పలేదా?" అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "చెప్పాననే అనుకున్నాను. రాత్రిపూట ఒక్కణ్ణే అన్నం తింటూ నీకు అన్నీ చెప్పుకుంటుంటానా, ఏది చెప్పానో, ఏది అనుకున్నానో కలిసిపోతోంది."

ఆమె అతని జేబులోంచి కళ్ళజోడు తీసి అందించింది. "పెట్టుకోండి, చూస్తాను" అంది.

పెట్టుకున్నాడు. లెక్కల మాస్టారులా ఉన్నాడు. ఆమెకు నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"మీరు ఏసీ ఆపేసి వెళ్తున్నప్పటినుంచీ ఇంటికి రావాలనిపించడం లేదు."

అతను గ్లాసు కింద పెట్టాడు. "నేనూ తాళం తీసి గుమ్మంలోనే నిలబడిపోతున్నాను. లోపలికెళ్తే ఆ వేడి... నువ్వసలు ఆ ఇంట్లో ఉండనట్టే." కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, "మళ్ళీ వేసే వెళ్ళనా?" అన్నాడు.

"వద్దు బాబూ! కంప్రెసర్ పోతే ఇద్దరం వెళ్ళి ప్రెస్సులో పడుకోవాలి."

తర్వాతి బస్సుకి అతను వెళ్ళిపోయాడు. ఆలస్యమైనందుకు ప్రెస్సులో చీవాట్లు పడ్డాయట. అయినా ఆమె వీలైనప్పుడల్లా ఆ కూడలిలో దిగి వస్తూనే ఉంది. కొన్నిరోజులు టీకి సమయం చిక్కేది. కొన్నిరోజులు అతని బస్సు కదిలిపోతూ ఉండేది, కిటికీలోంచి చెయ్యి మాత్రం కనిపించేది. అప్పుడామె ఒక్కతే టీ తాగి ఇంటికి నడిచేది.

వానలు మొదలయ్యాక ఇన్‌ఛార్జి నెలకొక వారం డే షిఫ్ట్ ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ వారం మొదటి రాత్రి ఇద్దరూ ఒకే మంచం మీద పడుకున్నారు. రాత్రి నిద్ర అలవాటు తప్పిన ఆమె కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ ఉంది.

"నిద్ర రావడం లేదా?" అన్నాడు అతను మగతగా.

"రావడం లేదు. ఏదో ఒకటి చెప్పండి."

ప్రెస్సులో కటింగ్ మిషన్ దగ్గర కొత్తగా చేరిన ఆవిడ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. కథ సగంలో ఉండగానే మాట మెల్లగా మునిగిపోయి, గురక అందుకుంది. ఆవిడ చివరికి ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. లేపి అడగబుద్ధి కాక, అతని ఊపిరి వింటూ తెల్లారేదాకా మెలకువగానే ఉండిపోయింది.