పడవ ముట్టుకోకుండా

పోటీ రోజు పొద్దున్న మా ఆవిడ నాకు ఒకటే షరతు పెట్టింది. పడవలో ఉన్నంతసేపూ నేను నోరు మూసుకోవాలి.

"నవ్వొస్తే నీళ్లు మింగుతాను. అవతలి ఒడ్డు చేరేదాకా నీ కోతలు కట్టిపెట్టు," అంది, మెడకీ భుజాలకీ నూనె పట్టించుకుంటూ.

"మరి మీ తమ్ముడు మాట్లాడొచ్చా?"

"వాడు మాట్లాడితే ఎవరికీ నవ్వు రాదులే."

నాకిది చిన్న శిక్షేం కాదు. ఈ జలాశయం మీద ఏళ్ల తరబడి షికారు పడవ నడిపినవాణ్ణి. డబ్బిచ్చి పడవెక్కిన జనానికి ఉత్త నీళ్లు చూపిస్తే ఏం బాగుంటుంది? ఆనకట్ట దగ్గర ఒక చేప ఇంజను మింగేసిందని చెప్పేవాణ్ణి. అప్పట్నుంచీ అది టపటపమంటూ తిరుగుతోందనీ, దాని వెనకాల వెళ్లే చిన్న చేపలు పొగకి దగ్గుతుంటాయనీ అనేవాణ్ణి. ఒకాయన పడవ అంచు మీంచి వంగి, చెవి నీళ్లకానించి మరీ విన్నాడు. దగ్గు వినపడిందన్నాడు కూడా.

మా ఆవిడ సంగతి మాత్రం కోత కాదు. రేవు పక్కన లైఫ్ జాకెట్ల గది ఆవిడదే. జనం తడిపి పడేసినవి తీగల మీద ఆరేయడం, బకిల్సు లాగి చూడటం, చిరిగిన పట్టీలు దబ్బనంతో కుట్టడం ఆవిడ పని. ఊరికి కొత్తగా వచ్చిన ఆడవాళ్లు జాకెట్లు బాగా కుడుతుందటగా అని గుడ్డ పట్టుకుని వచ్చేవాళ్లు. ఆవిడ వాళ్లకి ఒక నారింజరంగుది తగిలించి, "మీకిది బాగా నప్పింది" అని పంపించేసేది.

రెండేళ్ల కిందట ఒక చిన్నపిల్లకి పట్టీ బిగిస్తుంటే ఆ పిల్ల అడిగింది. "అమ్మమ్మా, నువ్వెప్పుడైనా లోతు నీళ్లలోకి దిగావా?"

"లేదమ్మా."

"మరి ఇది తేలుతుందని నీకెలా తెలుసు?"

ఆ పిల్ల పడవెక్కి వెళ్లిపోయింది కానీ ఆ మాట మాత్రం మా ఇంటికొచ్చి కూచుంది. భోజనం చేస్తూ చేస్తూ మా ఆవిడ చెయ్యి ఆపి, "నాకు ఈత నేర్పు," అంది.

"ఈ వయసులోనా? నీళ్లు జడుసుకుంటాయే."

"అవే అలవాటు పడతాయి."

తాడు కట్టిన లోతులేని చోట, చంటిపిల్లల మధ్య మొదలుపెట్టింది. ముక్కులోకి నీళ్లు పోయి దగ్గుతుంటే పిల్లలు వీపు తట్టేవాళ్లు. ఆ తర్వాత తాడు దాటింది. ఆ పైన లంక దాకా వెళ్లి వచ్చింది. చివరికి ఏటేటా జరిగే ఈత పోటీకి పేరిచ్చింది. మా రేవు నుంచి జలాశయం అడ్డంగా దాటి, అవతలి ఒడ్డున గుడారాలేసుకునే మైదానం చేరాలి. కమిటీవాళ్లు ఆవిణ్ణి ఎగాదిగా చూసి సరేనన్నారు. వచ్చే ఏటి నుంచి అరవై దాటినవాళ్లకి అవకాశం లేదని మాత్రం కచ్చితంగా చెప్పారు. ఆవిడకి అరవై ఆ నెలలోనే నిండుతాయి. దాటితే ఈసారే దాటాలి. లేదంటే జన్మలో లేదు.

ఈదేవాళ్లు ఒక్కొక్కరి పక్కనా ఒక్కో పడవ ఉంటుంది. అందులో తెడ్లు వేసేవాడొకడు, తప్పొప్పులు చూసేవాడొకడు. ఈదే మనిషి పడవని గానీ తెడ్డుని గానీ ముట్టుకుంటే పోటీ అయిపోయినట్టే. ఎవరైనా చెయ్యందించినా అంతే. మా పడవకి తెడ్లు నావి, ఈల మా బావమరిదిది. ఆనకట్ట గేట్లు ఎత్తి దించే ఉద్యోగం వాడిది. గ్లాసులో నీళ్లు పోసినా మట్టం చూసి గానీ తాగడు. సొంత అక్కని నువ్వెలా చూస్తావయ్యా అని కమిటీలో ఎవరో అడగబోతే, పక్కనున్నాయన నవ్వి, "వాళ్లక్కకి మన కంటే ఆయనే ప్రమాదం," అన్నాడట.

బయల్దేరాం. ఆవిడ తల ఎడమవైపు తిప్పి ఊపిరి తీస్తుంది కాబట్టి నేను ఎడమవైపే ఉన్నాను. ఆవిడకి కనపడేది నా పడవొక్కటే. అది వంకరపోతే ఆవిడా వంకరపోతుంది. తెడ్లు వేసేవాడు వెనక్కి చూస్తూ ముందుకు పోతాడు. మా రేవులో జెండా కర్రనీ, దాని వెనకాల వాటర్ ట్యాంకునీ ఒకే గీత మీద ఉంచుకుని లాగుతున్నాను. కుర్రకారంతా ఎప్పుడో ముందుకు పోయారు. మా ఆవిడ మాత్రం తీగ మీద జాకెట్లు ఆరేసుకుంటూ పోయినట్టు ఒక చెయ్యి, ఇంకో చెయ్యి, నింపాదిగా పోతోంది.

సగం దాటాక ఆనకట్ట వైపు నుంచి గాలి లేచింది. అటువైపు మా పడవ అడ్డంగా ఉండబట్టి అలలు ముందు మాకు తగిలి, తర్వాతే ఆవిడ దాకా వెళుతున్నాయి. ఇంకాస్త దూరం పోయాక ఆవిడ ఆగిపోయింది. వెల్లకిలా తేలి, కాలి బొటనవేలు పట్టుకుని తనవైపు లాక్కుంటోంది.

"పిక్క పట్టేసింది," అంది పళ్లు బిగించి.

ఇక్కడ మా పడవవాళ్ల సంగతొకటి చెప్పాలి. నీళ్లలో మనిషి ఆగిపోతే మేం ఆలోచించం. తెడ్లు లోపలికి లాగేసి పడవని గాలికి అడ్డంగా వదిలేస్తాం. గాలే దాన్ని మనిషి మీదికి తోస్తుంది. మేం అంచు మీంచి వంగి జబ్బ పట్టుకుంటాం. ఇన్నేళ్లలో ఎంతమందిని అలా పైకి లాగానో నాకే తెలీదు. ఆ పని చెయ్యడానికి నా చేతులు నన్ను అడగవు.

"బావా, ఏం చేస్తున్నావు?" అన్నాడు బావమరిది.

చూసుకున్నాను. తెడ్లు రెండూ పడవలో ఉన్నాయి. పడవ ఆవిడ మీదికి జారుతోంది. నా కుడి చెయ్యి నీళ్ల మీదికి చాచి ఉంది. మళ్లీ తెడ్డు దించుదామంటే ఆవిడ నెత్తికే తగులుతుంది.

ఆవిడ తల తిప్పి నా చెయ్యి చూసింది. "తియ్యి," అంది. పడవ బారెడు దూరంలోకి వచ్చేసింది. ఆవిడ గుండెల నిండా ఊపిరి పీల్చుకుని మునిగిపోయింది.

ఆవిడ ఉన్న చోటు మీదుగా పడవ జరిగిపోయింది. నేను అవతలి అంచుకి పాకి నీళ్లలోకి చూశాను. బావమరిది నోట్లో ఈల అలాగే ఉంది, ఊదనూ లేదు, తియ్యనూ లేదు.

గాలి వైపున, పడవకి అవతల ఆవిడ తెల్లటి ఈత టోపీ పైకొచ్చింది. ఆవిడ నీళ్లు ఊసి, ఈత కళ్లద్దాలు సర్దుకుని, "పడవ అడుగున పాచి పట్టిపోయిందయ్యా. గీకించొద్దూ?" అంది.

బావమరిది ఈల నోట్లోంచి తీశాడు. "అక్కా, తగిలిందా?"

"లేదురా."

"నేను చూళ్లేదు. చూడందే ఎలా వదిలేస్తాను?"

"ఒరేయ్, నీ అక్కనిరా నేను."

"అందుకే అడుగుతున్నా."

వాణ్ణి నీళ్లలోకి తోసేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. మా ఆవిడకి రాలేదు. ఒక్క క్షణం ఆలోచించింది.

"అడుగంతా పచ్చటి పాచేరా. తగిలితే అంటుకోదూ? చూసుకో," అని నీళ్లలోనే మెల్లగా చుట్టూ తిరిగింది.

వాడు కళ్లద్దాలు తుడుచుకుని, పడవ అంచు పట్టుకుని వంగాడు. టోపీ చూశాడు, మెడ చూశాడు. "వీపు చూపించు," అన్నాడు. "బోర్లా తేలి మడమలు చూపించు," అన్నాడు. పెళ్లిచూపుల్లో నేను కూడా ఆవిణ్ణి అంత పరీక్షగా చూళ్లేదు. ఎక్కడా పచ్చ మరకన్నది లేదు. అప్పుడు మా పడవ అడుగున చెయ్యి పెట్టి రుద్దాడు. అరచెయ్యి పచ్చగా వచ్చింది.

"తగల్లేదు. కానియ్యి," అన్నాడు.

నేను తెడ్లు దించి, పడవని మళ్లీ గాలి వైపుకి, ఆవిడకి చాటుగా తిప్పబోయాను.

"అక్కడే ఉండు. అటొస్తే గాలి నిన్ను మళ్లీ నా మీదికి తెస్తుంది," అంది ఆవిడ.

"అలలు మొహానికి కొడతాయే."

"కొట్టనీ."

అక్కణ్ణుంచి ఊపిరి కుడివైపుకి మార్చుకుంది. ఒక కాలు ఆడించకుండా, చేతుల మీదే ఈదింది. చాటు లేదు. ఒక్కో అల వచ్చి టోపీ మీదుగా దాటిపోతోంది. ప్రతిసారీ ఇక పైకి రాదేమో అనుకుంటాను, ప్రతిసారీ వస్తోంది. ఎన్ని పడవలు చూశాను, ఎంతమంది గజ ఈతగాళ్లని చూశాను. నీళ్లతో అలా పంతం పట్టి పోయిన మనిషిని మాత్రం మా ఇంట్లోనే చూశాను.

లోతు తగ్గిన చోట ఆవిడ కాళ్లు నేలకి ఆనాయి. గుడారాల దగ్గర నుంచి జనం తువ్వాళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. బావమరిది ఆ రోజుకి మొదటిసారి ఈల ఊదాడు.

"ఎవరూ ముట్టుకోకండి. ఇంకా నీళ్లలోనే ఉంది."

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆవిడ రెండడుగులు వేసి బురదలో మోకాళ్ల మీద పడింది. నేను నా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూచున్నాను. ఆవిడ అరచేతులు నేలకానించి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత మంచి కాలు ముందు మోపి, రెండోది దాని పక్కకి తెచ్చుకుని లేచింది. నడిచింది. మడమలు రెండూ పొడి ఇసక మీదికి వచ్చేదాకా చూసి, బావమరిది చెయ్యెత్తాడు.

"దాటింది. పడవ ముట్టుకోలేదు," అన్నాడు. ఎండ కళ్లలో పడుతోందని కళ్లద్దాలు తీసేశాడు. మబ్బు పట్టి ఉంది మరి.

అందరికంటే ఆఖరున వచ్చింది మా ఆవిడే. గెలిచినవాళ్లు అప్పటికే బట్టలు మార్చుకుని ఫొటోలు దిగుతున్నారు. ఆవిడ తువ్వాలు కప్పుకుని గుడారం ముందు కూచుని పిక్క రుద్దుకుంటుంటే, నేను పడవ ఒడ్డుకి లాగి జనంలోకి వెళ్లాను. కనపడిన ప్రతివాడి భుజమూ తట్టి, "ఆ కూచున్నావిడ చూశారా, మా ఆవిడ," అని చెప్పాను.

"ఇందాకే చెప్పారండీ," అన్నాడొకాయన.

ఆయనకి ఇంకోసారి చెప్పాను.