ముప్పై ఒకటో తారీకు పుణ్యం

క్రిస్మస్ వెళ్ళిన మర్నాటి నుంచి డిసెంబరు ముప్పై ఒకటి దాకా విస్కాన్సిన్‌లోని ఎల్మ్‌ఫోర్డ్ ఊళ్ళో దయ పొంగి పొర్లుతుంది. ఏడాది పొడుగునా పక్కింటివాడి మొహం చూడనివాళ్ళు కూడా ఆ ఆరు రోజులూ పాత కోట్లూ, పాత సోఫాలూ, ఒక చక్రం ఊడిన సైకిళ్ళూ మోసుకొచ్చి ధర్మసంస్థల గుమ్మాల ముందు వరస కడతారు. చేతిలో వస్తువు దించగానే, ఆ ఏడాది పన్ను లెక్కలో చూపించుకునే రసీదు కోసం చెయ్యి చాస్తారు. జనవరి ఒకటిన వెళ్ళి చూస్తే ఒక్క ధర్మాత్ముడూ కనిపించడు. దయ మంచులా కరిగిపోయిందందామా అంటే, మంచు అక్కడ ఏప్రిల్ దాకా ఉంటుంది.

వెర్లిన్ హాగ్‌స్టాడ్ ఆ వరసలో ఎప్పుడూ నిలబడలేదు. ఎంగిలి చేత్తో కాకిని తోలే రకం కాదు. చర్చిలో కానుకల పళ్ళెం తన ముందుకొచ్చే సమయానికి అతనికి సరిగ్గా దగ్గు వచ్చేది. రుమాలు కోసం జేబులో పెట్టిన చెయ్యి, పళ్ళెం పక్కవాడిని దాటిపోయేదాకా జేబులోనే ఉండేది. గాలివానకు కూలిన ఇళ్ళను చూసి, ఇందులో పెద్ద నష్టమేమీ లేదని బీమా కంపెనీ తరఫున చెప్పే ఉద్యోగం ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. ఆ అలవాటు వేళ్ళలోకి ఇంకిపోయింది.

అలాంటివాడికి దానం మీదికి మనసు పోవడానికి కారణం ఒక పాత ఆకుపచ్చ కారు. ఆ శరదృతువులో కొత్త ట్రక్కు కొన్నాడు. పాత కారు ఇచ్చేస్తాను, లెక్కలో తగ్గించుకోండి అంటే, షోరూంవాడు దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఎనిమిది వందల డాలర్లు అన్నాడు. ముప్పై ఏళ్ళు తను జనానికి చెప్పిన మాట తనకే ఎదురైతే వెర్లిన్‌కు ఒళ్ళు మండిపోయింది. కారును వెనక్కి తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. అది అక్కడే మంచు కింద పడి ఉంది.

పొద్దున కాఫీ హోటల్లో ఉపాయం చెప్పింది డెల్మర్. డెల్మర్‌కు మూడు వందల ఆవులూ, వాటికి సరిపడా అప్పులూ ఉన్నాయి. వెర్రివాడా, దాన్ని దానం చేసి పన్నులో తగ్గించుకో, పోయినేడు నా పాత బండితో నేనదే చేశాను అన్నాడు. అయితే టీవీలో ప్రకటనలిచ్చే సంస్థలకు ఇవ్వకు, వాళ్ళు వేలంలో అమ్మేస్తారు, ఎంతకు పోతే అంతే రాసుకోవాలి. మన చర్చికి ఇచ్చావనుకో, వాళ్ళే ఎవరో లేనివాళ్ళకు నేరుగా ఇస్తారు, అప్పుడు పాత కార్ల ధరల పుస్తకంలో ఎంతుంటే ఆ పుస్తకం ధర మొత్తం రాసుకోవచ్చు అన్నాడు. వెర్లిన్ ఇంటికెళ్ళి పుస్తకం ధర చూశాడు. ఐదు వేల పైచిలుకు. పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం. ఇంతకాలం దానధర్మాలను తక్కువ చూసినందుకు తనను తాను తిట్టుకున్నాడు.

ఆ కారుకు ఒక చరిత్ర ఉంది. తొమ్మిదేళ్ళ కిందట వెర్లిన్‌కూ అతని భార్య కోరీన్‌కూ విడాకులయినప్పుడు ఇల్లు ఎవరికి, పడవ ఎవరికి అన్నది ఒక్క పూటలో తేలిపోయింది. కారు దగ్గర పీటముడి పడింది. అది కోరీన్ ఏరి కొనుక్కున్న కారు, కోరీన్ నడిపే కారు. వెర్లిన్‌కు వేరే బండి ఉంది. అయినా సరే కారు తనకే కావాలని పట్టుబట్టి, కారు ఖరీదు కంటే ఎక్కువే లాయరుకు పోసి, చలికాలమంతా కోర్టు మెట్లెక్కి గెలుచుకున్నాడు. అతను పోరాడింది కారు కోసం కాదని ఊరందరికీ తెలుసు. గెలిచాక దాన్ని నడపడం శిక్షే అయింది. తలుపు పక్కనున్న ఒకటో నంబరు మీటకు పొరపాటున చెయ్యి తగిలితే చాలు, సీటు గుయ్‌మంటూ ముందుకు జరిగి, పైకి లేచి, అతని మోకాళ్ళను స్టీరింగుకు నొక్కేసేది. అది కారు గుర్తుపెట్టుకున్న కోరీన్ కొలత. దాన్ని చెరపడం ఎలాగో తొమ్మిదేళ్ళలో వెర్లిన్‌కు చేతకాలేదు.

క్రిస్మస్ దాటగానే కారు తీసుకెళ్ళి చర్చికి అప్పగించాడు. అప్పగించే ముందు అందులోంచి కాళ్ళ కింది రబ్బరు పట్టాలు, చలికి మొరాయించిన బండిని పక్క బండితో లేపే బ్యాటరీ తీగలు, అద్దం మీది మంచు గీకే గీకుడు బద్ద తీసి గరాజులో పెట్టుకున్నాడు. అవి ఉన్నా పుస్తకం ధర పైసా పెరగదు కదా.

పాస్టర్ గ్వెన్ మెత్తటి మనిషి. వెర్లిన్ జేబులోంచి చెయ్యి తీయడం ఆవిడ చూడటం అదే మొదటిసారి. ఎంతో సంతోషించి, ఒక్క సంగతి మాత్రం చెప్పింది. కారు లేక పని పోయేలా ఉన్నవాళ్ళలో ఒకరిని కమిటీ ఎంపిక చేస్తుంది. ముప్పై ఒకటిలోపు వాళ్ళు తీసుకుంటేనే, పేదలకు ఇచ్చామని రసీదులో రాయగలం. ఎవరూ తీసుకోకపోతే కొత్త సంవత్సరం రాగానే వేలానికి పంపేస్తాం. ఉత్తపుణ్యానికి కారిస్తే తీసుకోనివాడు ఎవడుంటాడని వెర్లిన్ నవ్వాడు.

రెండు రోజులయ్యాక ఆవిడే ఫోన్ చేసింది.

"వెర్లిన్ గారూ, కమిటీ ఒకరిని అనుకుందండి. కానీ ఆవిడ వద్దంటోంది."

"వద్దనడమేంటి పాస్టరమ్మా? కారులో ఏమైనా లోపం ఉందందా?"

"లోపమేం లేదందండి. ఆ కారు తనకు బాగా తెలుసంది."

పేరు చెప్పడానికి నియమాలు ఒప్పుకోవని ఆవిడ నసిగింది. చెప్పనవసరం లేకపోయింది. వెర్లిన్ ఫోను పెట్టేశాడు. కోరీన్ వృద్ధాశ్రమం వంటశాలలో తెల్లవారకముందే పనికెక్కుతుందని, నవంబరులో ఆమె పాత బండి ఇంజను కాలిపోయిందని, అప్పటినుంచి ఎవరో ఒకరిని బతిమాలుకుని వెళుతోందని, పక్క ఊరి ఆశ్రమంలో పెద్ద వంటమనిషి ఉద్యోగం ఖాళీ అయితే, బండి ఉన్నవాళ్ళకే ఇస్తామన్నారని అతను కాఫీ హోటల్లో విన్నాడు. విన్నప్పుడు అయ్యో అనిపించలేదు. ఇప్పుడు మాత్రం ఆమె ఉద్యోగం గురించి అతనికి మహా బెంగ పట్టుకుంది. కోరీన్ మొండికేస్తే ఐదు వేలు కాస్తా ఎనిమిది వందలవుతుంది.

మర్నాడు ఆమె అద్దె ఇంటికి బయల్దేరాడు. ఉత్త చేతులతో వెళితే బాగుండదని, పండక్కి డెల్మర్ భార్య ఇచ్చిన బిస్కెట్ల డబ్బా మూత తీయకుండా పట్టుకెళ్ళాడు. కోరీన్ తలుపు తీసి, అతన్నీ డబ్బానూ మార్చి మార్చి చూసింది.

"చర్చి అమ్మకానికి నేను చేసిన బిస్కెట్లు. డెల్మర్ భార్య కొంది. సరే, లోపలికి రా."

అలా మొదలైంది. వెర్లిన్ కుర్చీ అంచున కూర్చుని, గొంతు మెత్తబరచుకుని, ఊరి మంచు గురించీ, తెల్లవారుజాము చలి గురించీ, ఆమె మోకాళ్ళ నొప్పుల గురించీ తెగ బాధపడ్డాడు. కాపురం చేసిన ఇరవై రెండేళ్ళలో ఆ మోకాళ్ళ గురించి అతను ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. కోరీన్ కాఫీ తాగుతూ అంతా విన్నది. ప్రపంచంలో ఎక్కడైనా తీసుకునేవాడు ఇచ్చేవాడి కాళ్ళు పట్టుకుంటాడు. ఆ పూట ఆ ఇంట్లో వ్యవహారం తలకిందులైంది.

"జడ్జి గారి ముందు ఏవన్నావో గుర్తుందా?" అంది ఆమె చివరికి. "ఆ కారంటే నా ప్రాణం అన్నావు. కంటతడి కూడా పెట్టుకున్నావు."

"అప్పటి మాటలు ఇప్పుడెందుకు?"

"ప్రాణాన్ని ఊరికే ఇచ్చేస్తున్నావంటే భయంగా ఉంది. ఒంట్లో బాగానే ఉందా?"

అతను మింగలేక కక్కలేక, పన్ను సంగతి బయటపెట్టాడు. రసీదు గురించి, ముప్పై ఒకటో తారీకు గురించి, పుస్తకం ధర గురించి వివరంగా చెప్పాడు. దాపరికం లేకుండా మాట్లాడటం కోరీన్‌కు నచ్చినట్టే కనిపించింది. ముందు టైర్లు అరిగిపోయాయని విన్నానంది. మార్పిస్తానన్నాడు. దయచేసి అనమంది. గోడ మీది గడియారాన్ని చూస్తూ, దయచేసి అన్నాడు. ఆ మాట ఆ నోట ఆమె వినడం అదే ప్రథమం కావచ్చు. అయినా తల అడ్డంగానే ఊపింది. నడిచి పోతాను గానీ ఆ కారెక్కను, కోర్టులో గెలిచాక నువ్వు నవ్విన నవ్వు అందులో ఇంకా ఉంటుందంది. అది హాస్యానికి అన్నది కాదు.

వెర్లిన్ ఇక లాభం లేదని లేచాడు. లేస్తూ లేస్తూ, పోయిన పరువు కొంతైనా నిలుపుకుందామని గొప్పకు పోయాడు. తనకేం తక్కువ లేదనీ, ఇంటి అప్పు కూడా వేసవిలోనే పూర్తిగా తీర్చేశాననీ, బ్యాంకు కాగితాన్ని పెరట్లో తగలబెట్టి పండగ చేసుకున్నాననీ చెప్పాడు. ఆ పండక్కి తనొక్కడే హాజరయ్యాడన్నది చెప్పలేదు.

కోరీన్ కప్పు కింద పెట్టింది.

"అప్పు మొత్తం తీరిపోయిందా?"

"పైసా లేదు."

ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. తర్వాత, "సరే, తీసుకుంటాను. టైర్ల సంగతి మర్చిపోకు" అంది.

ఆమె ఇంటి మెట్లు దిగుతూ వెర్లిన్ తన నోటి చాతుర్యానికి తానే మురిసిపోయాడు. ముప్పై ఏళ్ళు ఇళ్ళు కూలినవాళ్ళనే ఒప్పించిన నోరది.

ముప్పై ఒకటిన మధ్యాహ్నం చర్చి నేలమాళిగలో చిన్న సంబరం జరిగింది. పైన బంగాళదుంప ఉండలు పేర్చి ఓవెన్లో ఉడికించిన హాట్‌డిష్, మూడు రకాల జెల్లీ, నీళ్ళ కాఫీ. కొత్త టైర్లు వేయించి తెచ్చే పని కూడా దాత మీదే పడింది గనక, ఆ పొద్దున కారును వెర్లినే నడుపుకుంటూ వచ్చాడు. పాస్టరమ్మ ప్రార్థన చేసింది. ఉదార హృదయం అన్న మాట వచ్చినప్పుడు డెల్మర్‌కు దగ్గు వచ్చింది. వెర్లిన్ తాళాలు కోరీన్ చేతిలో పెట్టాడు, ఫొటో తీశారు, కారు కాగితం మీద సంతకాలయ్యాయి. అసలైన రసీదు కోటు లోపలి జేబులోకి చేరాక, వెర్లిన్‌కు హాట్‌డిష్ కూడా రుచిగా అనిపించింది.

జనం సర్దుకుని వెళ్ళిపోయాక చూసుకుంటే, ఇంటికి వెళ్ళడానికి అతనికి బండి లేదు. ట్రక్కు ఇంటి దగ్గరే ఉంది. ఆవులకు పాలు పిండే వేళయిందని డెల్మర్ ఎప్పుడో వెళ్ళిపోయాడు. బయట మంచు దట్టంగా కురుస్తోంది.

"ఎక్కు, దింపుతాను" అంది కోరీన్.

అలవాటు కొద్దీ వెర్లిన్ డ్రైవరు తలుపు దగ్గరికి నడిచాడు. కోరీన్ చేతిలో తాళాలు గలగలలాడించింది. అతను కారు చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. కారు గెలుచుకున్నాక ఆ వైపు కూర్చోవడం అదే మొదలు. ఆమె లోపల కూర్చుని, చూడకుండానే ఒకటో మీట నొక్కింది. సీటు గుయ్‌మంటూ జరిగి, లేచి, ఆమె కొలతకు వచ్చి ఆగింది. కోరీన్ స్టీరింగును రెండు చేతులతో ఓసారి నిమిరి చూసింది. ఆ కొలతను చెరిపేయనందుకు వెర్లిన్‌కు ఎందుకో సంతోషమనిపించింది. అది చేతకాక అన్న సంగతి బయటపెట్టలేదు.

సగం దారి వచ్చాక ఆమే మాట్లాడింది.

"ఆ రసీదు ఫ్రేము కట్టించుకో వెర్లిన్. ఇంకెందుకూ పనికిరాదు."

"అంటే?"

"ఇంటి అప్పు మీద వడ్డీ కడుతున్నన్నాళ్ళూ అన్నీ విడివిడిగా రాసుకుంటే లాభం. ఇప్పుడు నీకు వడ్డీ లేదు, ఆస్పత్రి ఖర్చుల్లేవు, ఇంకో దానం చేసి ఎరగవు. రాసుకోవడానికి ఈ కారొక్కటే. ప్రభుత్వం అడక్కుండానే అందరికీ ఇచ్చే గంపగుత్త తగ్గింపు దీనికి మూడింతలుంటుంది. రెంటిలో ఒకటే దక్కుతుంది, నువ్వు అదే తీసుకుంటావు. కారు ఇచ్చినా అంతే, ఇవ్వకపోయినా అంతే."

"డెల్మర్‌కు వచ్చిందిగా?"

"డెల్మర్‌కు అప్పులున్నాయి."

వెర్లిన్ జేబు తడుముకున్నాడు. కాగితం అక్కడే ఉంది.

"ఆ రోజు నీకు తెలుసా?"

"ఇరవై రెండేళ్ళు మన పన్ను కాగితాలు రాసిందెవరు?"

"మరి చెప్పలేదే?"

"చెబితే ఇచ్చేవాడివా?"

రసీదును మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తూ వెర్లిన్ ఇల్లు చేరాడు. మొదట కోపం వచ్చింది. ఎవరి మీద తెచ్చుకోవాలో తేలలేదు. చట్టం ప్రభుత్వానిది, సలహా డెల్మర్‌ది, గొప్పలు చెప్పుకున్న నోరు తనది. మోసం చేసిందని కోరీన్‌ను అందామంటే, ఆమె వద్దంటుంటే దయచేసి తీసుకో అన్నది తనే.

వాకిట్లో కారు ఆపి కోరీన్ అతని వైపు తిరిగింది. ఆమె మొహంలో వెటకారం లేదు.

"థాంక్స్, వెర్లిన్. మనస్ఫూర్తిగానే అంటున్నా. పైసా లాభం లేకుండా నువ్వు నాకిచ్చిన మొదటి వస్తువు ఇది."

వెర్లిన్ దిగాడు. ఆ మాట పొగడ్తో, చెంపదెబ్బో అతనికి తెలియలేదు. ఆగిన ఆ కాస్త సేపట్లోనే అద్దం మీద మంచు పేరుకుంది. కోరీన్ దిగి సీటు కింద, డిక్కీలో వెతికి, ఏమీ దొరక్క, కోటు చేతిని అరచేతి మీదికి లాక్కుని తుడవడం మొదలుపెట్టింది.

వెర్లిన్ ఇంటి తలుపు దాకా వెళ్ళి ఆగాడు. అక్కణ్ణించి గరాజులోకి తిరిగాడు. గీకుడు బద్ద, రబ్బరు పట్టాలు, బ్యాటరీ తీగలు మూడూ చంకన పెట్టుకుని బయటికొచ్చి, పట్టాలూ తీగలూ వెనక సీట్లో పడేసి, గీకుడు బద్ద ఆమెకు అందించాడు.

కోరీన్ అందుకుని అతన్ని ఎగాదిగా చూసింది.

"దీనికి రసీదు కావాలా?"

"వద్దు" అన్నాడు వెర్లిన్. అనడానికి కొంచెం సేపు పట్టింది.